మాత్రలకు ముందు రాసిన నోటు పుస్తకాలు

తమ్ముడిలో మొదట మారింది వాడి కోపం. అప్పుడు వాడికి 17 ఏళ్లు, నాకు 23. అంతకుముందు మా ఇద్దరి మధ్య ఏ గొడవ జరిగినా నేనే గెలిచేదాన్ని. వాడు మూతి ముడుచుకుని గదిలోకి వెళ్లి, పది నిమిషాల్లో అంతా మరిచిపోయి బయటికొచ్చేవాడు. అలాంటివాడు ఒకరోజు ఛార్జర్ కనిపించలేదని కంప్యూటర్ కీబోర్డు నేలకేసి కొట్టాడు. కొట్టి, కాసేపు దానివైపే చూసి, ఏడ్చాడు. ఎందుకు కొట్టావురా అని అడిగితే "తెలీదక్కా" అన్నాడు. ఆ మాట నిజమని తెలుసుకోవడానికి నాకు రెండేళ్లకు పైగా పట్టింది.

తర్వాత ఒక్కొక్కటే మొదలయ్యాయి. క్లాసులో ముందుండేవాడు ఫెయిలవసాగాడు. స్నానం చెయ్యమంటే వాయిదా వేసేవాడు. ఒక లెక్చరర్‌ని అందరి ముందూ అనకూడని మాట అన్నాడు. నాన్న తన చిన్ననాటి స్నేహితుడు పోయిన సంగతి చెబుతుంటే నవ్వాడు. ఆ నవ్వు ఆపుకోలేక రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. నాన్న ఏమీ అనకుండా లేచి బయటికి వెళ్లిపోయారు. ఆ రాత్రి నేను వాడి గదిలోకి వెళ్లి తిట్టిన తిట్లు ఇప్పటికీ నన్ను వదలవు. "నా కళ్లలోకి చూసి చెప్పు, నీకసలు ఏమైంది?" అని గద్దించాను. వాడు చూశాడు కానీ ఏమీ చెప్పలేకపోయాడు.

పొగరు, బద్ధకం, చెడు స్నేహాలు, ఫోను పిచ్చి. మా ఇంట్లో ఎవరికి తోచిన కారణం వాళ్లు చెప్పారు. ఒంట్లో ఏదైనా తేడా ఉందేమో అన్న ఆలోచన ఎవరికీ రాలేదు. జ్వరం లేదు, నొప్పి లేదు. తింటున్నాడు, తిరుగుతున్నాడు.

18 నిండాక, తోటి పిల్లలు తన గురించే మాట్లాడుకుంటున్నారని, తన ఫోను ఎవరో వింటున్నారని అనడం మొదలుపెట్టాడు. రాత్రుళ్లు నిద్రపోయేవాడు కాదు. అప్పుడు మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ఓపికగా విన్నారు, సైకోసిస్ (లేనిది ఉన్నట్టు, జరగనిది జరుగుతున్నట్టు నమ్మే మానసిక స్థితి) అన్నారు, రిస్పెరిడోన్ మాత్రలు రాశారు. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. ఆ వయసులో ఆ లక్షణాలతో వచ్చేవాళ్లలో ఎక్కువమందికి అది మానసిక జబ్బే. ఆయన థైరాయిడ్, బి12, షుగర్, సోడియం పరీక్షలు కూడా చేయించారు. అన్నీ మామూలుగానే ఉన్నాయి. కాలేయం పరీక్షలో ఒక అంకె కొంచెం ఎక్కువగా ఉంది. కొవ్వు వల్ల అయ్యుండొచ్చు, తర్వాత చూద్దాం అన్నారు. ఆ తర్వాత ఎవరూ చూడలేదు.

మాత్రలు మొదలైన రెండు వారాలకే తమ్ముడు కొయ్యబారిపోయాడు. నడిస్తే చేతులు ఊగేవి కావు. మాట ముద్దముద్దగా వచ్చేది. నోరు కొద్దిగా తెరుచుకునే ఉండేది, చొంగ కారేది, దిండు తడిసిపోయేది. ఈ మందుల వల్ల ఇలా అవుతుందని డాక్టరు చెప్పారు. అదీ నిజమే, చాలామందికి అవుతుంది. మోతాదు తగ్గించారు, మందు మార్చారు, బిగుసుకుపోవడం తగ్గడానికి ఇంకో మాత్ర కలిపారు. అనుమానాలు కొంత తగ్గాయి. బిగుతు, చొంగ మాత్రం పోలేదు. ఇలా 14 నెలలు గడిచాయి. ఆ 14 నెలల్లో ఏ కొత్త ఇబ్బంది వచ్చినా, అది మందుల ఖాతాలోకే వెళ్లిపోయింది. చెయ్యి వణికితే మందు. మాట తడబడితే మందు. మెట్లు దిగుతూ పడిపోతే అదీ మందే.

ఆ డాక్టరు వేరే ఊరికి బదిలీ అయ్యారు. ఆయన స్థానంలో వచ్చిన డాక్టరమ్మ ఫైలంతా మొదటి కాగితం నుంచి చదివారు. మందు సగానికి తగ్గించి మూడు నెలలైనా చొంగ ఎందుకు తగ్గలేదని తనలో తనే అనుకున్నట్టు అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, ఎవరూ అడగని ప్రశ్న అడిగారు.

"మాత్రలు మొదలుపెట్టకముందు ఇతని చేతిరాత ఎలా ఉండేది?"

గుర్తులేదన్నాను. "పాత నోటు పుస్తకాలుంటే తీసుకురండి. మనకు గుర్తున్నది అటూ ఇటూ అవుతుంది. వాటి మీద తేదీలుంటాయి" అన్నారు.

ఆ సాయంత్రం అటక మీదున్న పెట్టె దించి, వాడి పుస్తకాలన్నీ నేల మీద తేదీల వరసలో పరిచాను. 16 ఏళ్లప్పటి ఫిజిక్స్ నోట్సు ముత్యాల్లాంటి అక్షరాలు. కింద గీత లేకపోయినా గీత గీసినట్టే సాగిన వాక్యాలు. మార్జిన్‌లో చిన్న చిన్న బొమ్మలు. మరో ఆరు నెలలు ముందుకొస్తే అక్షరాలు చిన్నవయ్యాయి. పేజీ మొదట్లో ఒక సైజు, చివరికి వచ్చేసరికి దానిలో సగం. వృత్తం గీయాల్సిన చోట అంచులన్నీ రంపం పళ్లలా ఉన్నాయి. ఇంకో పుస్తకంలో వాక్యాలు కుడివైపుకి కిందికి జారిపోతున్నాయి. ఒక పేజీలో ఒకే సమీకరణం నాలుగుసార్లు కొట్టేసి మళ్లీ రాసుకున్నాడు. తప్పు రాసినందుకు కాదు, నాలుగుసార్లూ సరిగ్గానే రాశాడు. తన రాత తనకే చదవడానికి రాక కొట్టేసుకున్నాడని చాలాసేపు చూశాక అర్థమైంది. ఆ పేజీ మీది తేదీకీ, మొదటి మాత్ర రాసిన చీటీ మీది తేదీకీ మధ్య ఏడు నెలలు. ఏ మందూ లేని రోజుల్లోనే వాడి చెయ్యి మాట వినడం మానేసింది. దగ్గర కూర్చుని పరీక్షలకు చదివించిన నేనే ఆ పుస్తకాలు చూసి "ఏమిటీ కోడిగీతలు, శ్రద్ధ లేదా?" అన్నాను.

మర్నాడు పుస్తకాలు తీసుకెళ్లాను. ఆవిడ రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చూసి, అమ్మను అడిగారు, చిన్నప్పుడు ఎప్పుడైనా కామెర్లు వచ్చాయా అని. వచ్చాయి. 11 ఏళ్లప్పుడు మూడు వారాలు కళ్లు పచ్చగా ఉండి, వాటంతటవే తగ్గిపోయాయి. మనసుకు వచ్చిన జబ్బుకి ఎప్పటివో కామెర్ల సంగతి చెప్పాలని మాకు తోచలేదు. తోచే అవకాశమూ లేదు. అందుకే ఇప్పుడు ఎవరు నన్ను అడిగినా ఒకటే చెబుతున్నాను: మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లినా సరే, పుట్టినప్పటి నుంచి ఒంటికి వచ్చిన ప్రతి జబ్బూ కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి. ఏది పనికొస్తుందో మనం తేల్చనక్కర్లేదు.

ఆవిడ తమ్ముణ్ణి చేతులు ముందుకి చాపమన్నారు. వేళ్లు వణికాయి. మోచేతులు వంచి పక్కలకి ఎత్తమంటే, పక్షి రెక్కలు కొట్టుకున్నట్టు భుజాల దగ్గర్నుంచి ఊగాయి. వెంటనే న్యూరాలజిస్టుకి, కంటి డాక్టరుకి చీటీలు రాశారు. కంటి డాక్టరు స్లిట్ ల్యాంప్ అనే యంత్రం ముందు వాడి గడ్డం ఆనించి, సన్నటి వెలుతురు కంటి మీదికి పంపి చూశారు. తర్వాత నన్ను పిలిచి తెర మీద చూపించారు. నల్లగుడ్డు అంచు చుట్టూ, కార్నియా అనే పారదర్శకమైన పొర లోపలి వైపు, బంగారం, గోధుమ రంగు కలిసినట్టున్న ఒక వలయం. ముదురు రంగు కళ్లలో మామూలుగా చూస్తే అది అంత తేలిగ్గా కనపడదు. కేసర్ ఫ్లైషర్ వలయం అంటారు దాన్ని. 1902లో ఒకరు, 1903లో ఒకరు, ఇద్దరు జర్మన్ కంటి డాక్టర్లు వర్ణించారు. మెదడు దాకా వచ్చిన ఈ జబ్బులో దాదాపు అందరి కళ్లలోనూ ఉంటుందట. నా కళ్లలోకి చూసి చెప్పమని వాణ్ణి ఎన్నిసార్లు గద్దించానో లెక్కలేదు. వాడు నా వైపు చూసిన ప్రతిసారీ ఆ వలయం అక్కడే ఉంది.

జబ్బు పేరు విల్సన్స్ డిసీజ్. మనం తినే తిండిలో రాగి అనే లోహం (కాపర్) కొద్దిగా ఉంటుంది. ఒంటికి కావలసినంత వాడుకుని, మిగిలినదాన్ని కాలేయం పైత్యరసంతో బయటికి పంపేస్తుంది. ఆ పని చేసే ఏటీపీ7బీ అనే జన్యువు రెండు ప్రతులూ చెడితే రాగి బయటికి పోదు. మొదట కాలేయంలో, తర్వాత మెదడులో, కళ్లలో పేరుకుంటుంది. దాదాపు 30 వేల మందిలో ఒకరికి వస్తుందని చెబుతారు. మెదడులో కదలికలను, భావోద్వేగాలను అదుపు చేసే లోపలి కేంద్రాలు బాగా దెబ్బతింటాయి. ఆ చోట్లు దెబ్బతిన్నందుకే వాడి చెయ్యి వణికింది, వాడి నవ్వు ఆగలేదు, కీబోర్డు నేలకేసి కొట్టాడు. 1912లో ఈ జబ్బును వివరంగా రాసిన న్యూరాలజిస్టు శామ్యూల్ కిన్నియర్ విల్సన్, తన రోగుల్లో మానసిక మార్పులు కూడా చూసి నమోదు చేశారు. అంటే వందేళ్ల కిందటే రాసి ఉన్న సంగతి ఇది.

రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రోటీన్ సాధారణంగా డెసిలీటరుకు 20 మిల్లీగ్రాములకు పైన ఉండాలి, తమ్ముడికి 5 ఉంది. రోజంతటి మూత్రం పట్టి పరీక్షిస్తే అందులో 410 మైక్రోగ్రాముల రాగి. 100 దాటితే ఈ జబ్బును గట్టిగా అనుమానిస్తారు. ఎమ్మారైలో మెదడు లోపలి కేంద్రాలు రెండు వైపులా తెల్లగా మెరిశాయి. కాలేయం అప్పటికే గట్టిపడటం మొదలైంది. ఒక విషయం నన్ను తికమక పెట్టింది. మామూలు రక్తపరీక్షలో మొత్తం రాగి తక్కువే చూపించింది. రక్తంలో రాగిని మోసే ప్రోటీనే తక్కువ కాబట్టి అలా కనిపిస్తుందని న్యూరాలజిస్టు చెప్పారు. ఆ ఒక్క అంకె చూసి రాగి ఎక్కువ లేదనుకుంటే అక్కడే ఆగిపోయేవాళ్లం.

న్యూరాలజీ వార్డులో మేమున్న 19 రోజుల్లో నా కళ్లు తెరుచుకున్నాయి. పక్క మంచం మీద ఒక కాలేజీ అమ్మాయి. తలనొప్పి, జ్వరంతో మొదలై, వారంలో ఎవరినీ గుర్తుపట్టకుండా అరవడం, తర్వాత ఫిట్స్, తర్వాత రాయిలా కదలకుండా ఉండిపోవడం. మొదట మనసు జబ్బే అనుకున్నారట. వెన్నులోంచి తీసిన నీటిలో మెదడు కణాల మీదుండే ఎన్ఎండీఏ రిసెప్టర్ల మీద దాడిచేసే యాంటీబాడీలు దొరికాయి. ఈ మెదడువాపుకు కారణమైన యాంటీబాడీలను 2007లో జోసెప్ దాల్మావ్ అనే న్యూరాలజిస్టు బృందం గుర్తించింది. అంతకుముందు ఇలాంటి పిల్లలు ఎంతమంది ఏ పేరుతో ఎక్కడ ఉండిపోయారో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. ఇంకో మూలన ఒక పెద్దాయన. గదిలో పిల్లలు ఆడుకుంటున్నారని సాయంత్రమయ్యేసరికి చెప్పేవారు, పొద్దున మామూలుగా మాట్లాడేవారు. రక్తంలో సోడియం బాగా పడిపోయిందని తేలింది. నెమ్మదిగా సరిచేశాక ఆ పిల్లలు మళ్లీ కనిపించలేదు.

ఎప్పుడు అనుమానించాలని డాక్టరమ్మను అడిగాను. ఆవిడ చెప్పింది నాకు గుర్తున్నంతవరకు ఇదీ. మనసులో మార్పుతో పాటు నడక, మాట, రాత, చేతిపని మారితే. మెలకువ, గుర్తు, పూటపూటకీ మారుతుంటే. లేనివి వినిపించడం కంటే లేనివి కనిపించడం ఎక్కువగా ఉంటే. జ్వరం, ఫిట్స్, కొత్త తలనొప్పి తోడైతే. అంతకుముందు ఏ మానసిక సమస్యా లేని మనిషికి పెద్ద వయసులో హఠాత్తుగా మొదలైతే. మామూలు మోతాదు మందుకే ఒళ్లు బాగా బిగుసుకుపోతే. వీటిలో ఏది ఉన్నా శరీరాన్ని మళ్లీ మొదటి నుంచి చూడమని అడగండి, కానీ వేసుకుంటున్న మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి అన్నారు.

వైద్యం మొదలయ్యాక వెంటనే తేలికపడతాడని మేమనుకున్నాం. పెనిసిలమిన్ ఇచ్చారు. 1956లో జాన్ వాల్షే అనే వైద్యుడు ఈ జబ్బుకు వాడటం మొదలుపెట్టిన మందు అది. ఒంట్లోని రాగిని పట్టుకుని మూత్రంలోకి లాగేస్తుంది. పరగడుపున వేసుకోవాలి, తిండికి గంట ముందు గానీ రెండు గంటల తర్వాత గానీ. దానితో పాటు బి6 విటమిన్. కొంతమందిలో ఈ మందు మొదట్లో నరాల లక్షణాలను ఇంకా పెంచుతుందని, అందుకే తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతామని ముందే చెప్పారు. చెప్పినా, ఆరో వారంలో వాడి మాట పూర్తిగా పడిపోయినప్పుడు ఆ ముందుమాట నాకు ఏ ధైర్యమూ ఇవ్వలేదు. నీళ్లు కావాలంటే గ్లాసు వైపు చూసేవాడు. మోతాదు పెంచడం ఆపారు. రక్తం, మూత్రం వారం వారం పరీక్షించారు. ఆ మందు ప్లేట్‌లెట్లను తగ్గించగలదు, మూత్రంలో ప్రోటీన్ పోయేలా చేయగలదు. మూడో నెలలో ఒక పొద్దున "అక్కా" అన్నాడు. మాట ముద్దగానే ఉంది. అమ్మ చేతిలో గిన్నె అక్కడే పెట్టి వచ్చి మంచం పక్కన కూర్చుంది.

ఏడాదికి నడక బాగుపడింది. చొంగ ఆగింది. అనుమానాలు ముందే పోయాయి, చిన్న మోతాదు మానసిక మందు ఇంకో ఎనిమిది నెలలు ఉంచి మెల్లగా ఆపారు. రాత మాత్రం పాత రాత కాలేదు. పెద్ద పెద్ద అక్షరాలతో నిదానంగా రాస్తాడు. ఎక్కువసేపు లెక్కలు చేస్తే అలసిపోతాడు. పోయినవన్నీ తిరిగి రావు, అది మాకు స్పష్టంగానే చెప్పారు.

బంధువులు ఫోన్లు చేసి "హమ్మయ్య, పిచ్చి కాదు కదా" అన్నారు. వాళ్లది ప్రేమే. ఆ మాట మాత్రం నాకు గుచ్చుకుంది. ఒకవేళ అది స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బే అయ్యుంటే? అప్పుడు కూడా వాడి తప్పేమీ ఉండేది కాదు, అప్పుడు కూడా వాడికి వైద్యం, ఓపిక, ఇల్లు కావాల్సిందే. స్కానులో తెల్లగా కనిపిస్తేనే బాధ నిజమవుతుందా?

ఇక నా సంగతి. అమ్మా నాన్నా ఇద్దరి దగ్గరా ఆ జన్యువు ప్రతుల్లో చెడినది ఒక్కొక్కటి ఉంది కాబట్టి, తోబుట్టువులకు ఈ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. తమ్ముడి జబ్బు పేరు తేలిన రోజే నా పరీక్షలకూ చీటీ రాశారు. నేను రెండు నెలలు వాయిదా వేశాను. వాడికే సమయం చాలట్లేదని చెప్పాను గానీ, అసలు కారణం భయం. చివరికి డాక్టరమ్మే గట్టిగా అన్నారు. ఒకరోజు పొద్దున్నే మొదటిసారి వెళ్లిన మూత్రం వదిలేసి, అప్పట్నుంచి మర్నాడు అదే వేళ దాకా ప్రతి చుక్కా వాళ్లిచ్చిన డబ్బాలో పట్టాను. సెరులోప్లాస్మిన్ 13. మూత్రంలో రాగి 92. కళ్లలో వలయం లేదు. తమ్ముడి జన్యు పరీక్షలో దొరికిన రెండు మార్పులనే నాలోనూ వెతికారు. రెండూ ఉన్నాయి.

నాకు ఏ లక్షణమూ లేదు. రాత బాగుంది, నడక బాగుంది. ఒకే జబ్బు, ఒకే ఇల్లు. వాడిది మెదడు దాకా పోయాక తెలిసింది, నాది వాడి వల్ల ముందే తెలిసింది. నాకు జింక్ ఇచ్చారు. పేగుల్లో రాగి ఒంటికి పట్టకుండా అది అడ్డుకుంటుంది. రోజుకు మూడుసార్లు, ఖాళీ కడుపుతో, జీవితాంతం. పొద్దున్నే వేసుకుంటే వికారంగా ఉండేది, డాక్టరును అడిగి మొదటి మాత్ర పదింటికి మార్చుకున్నాను. బాగున్నాం కదా అని మానేస్తే కాలేయం ఒక్కసారిగా కూలిపోయే ప్రమాదం ఉందని మా ఇద్దరికీ చెప్పారు. కాలేయం మాంసం, పీతలు, ఆల్చిప్పల్లాంటి గుల్ల జీవులు, జీడిపప్పు, బాదం లాంటి గింజలు, చాక్లెట్, పుట్టగొడుగులు మొదటి ఏడాది మానేశాం.

ఫలితం వచ్చిన రోజు తమ్ముడికి ఎలా చెప్పాలో తెలియలేదు. వాడే కాగితం లాక్కుని చదివాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నీకు నాలా అవదక్కా" అన్నాడు. వాడికి ఆ మాట ఓదార్పు. నాకు అది మొయ్యలేని బరువు. ఇప్పటికీ అంతే.

ఆ తర్వాత నేను ఇంకో తప్పు చేశాను. వాడు కాస్త గొంతు పెంచితే చాలు, మాత్ర వేసుకున్నావా అని అడిగేదాన్ని. విసుక్కుంటే మూత్రపరీక్ష ఎప్పుడు చేయించావని అడిగేదాన్ని. వాడి పెట్టెలో మాత్రలు లెక్కపెట్టేదాన్ని. మొన్న అలా లెక్కపెడుతుంటే గుమ్మంలో నిలబడి చూశాడు. ముఖం ఎర్రబడింది, చెయ్యి కొద్దిగా వణికింది.

"మాత్రలు వేసుకున్నాను. ఇది రాగి వల్ల వచ్చిన కోపం కాదక్కా. నన్ను అడగకుండా నా పెట్టె తెరిచావని వచ్చిన కోపం" అన్నాడు నిదానంగా, ఒక్కో మాటా విడివిడిగా.

పెట్టె మూసి వాడి చేతికిచ్చాను. తప్పయిందిరా అన్నాను. మూతి ముడుచుకుని గదిలోకి వెళ్లిపోయాడు.